ముగ్గురూ ఒకేసారి గట్టు దాటిన రోజు

నా చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాలు చాలానే ఉన్నాయి. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అన్నవి, బెల్లం తినేసి పిల్లి మీదకు తోసినవి. అవన్నీ పిల్లతనంలో కొట్టుకుపోయాయి. ఒక్కటి మాత్రం పోలేదు. నా ఈడు పిల్ల ఒకతె నన్ను దోవ అడిగినప్పుడు చెప్పిన అబద్ధం అది. యాభై దాటి, మనవరాలు పుట్టి, అందరి చేతా తాతా అనిపించుకుంటున్న ఈ రోజుల్లో కూడా అది గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. అయితే ఆ అబద్ధం బయటపడిన రోజు మాత్రం నా చిన్నతనంలోకెల్లా సంతోషమైన రోజు. రెండూ ఒకే రోజు కావడం నా అదృష్టమే అనుకోవాలి.

మాది అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పాలెం. నేను మా అవ్వ దగ్గర, అంటే మా అమ్మను కన్న తల్లి దగ్గర పెరిగాను. అవ్వ చేపలమ్మేది. ఆమె నోటికి ఊరంతా భయపడేది, ఆమె చేతి పులుసుకు ఊరంతా లొంగిపోయేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, మా మామయ్య, మా తీరంలో మొట్టమొదట రొయ్యల గుంటలు తవ్వించిన మనిషి. అప్పటిదాకా మా వాళ్ళకు తెలిసిన బతుకు వల ఒక్కటే. ఇసుక దిబ్బల వెనక ఉప్పునేలలో పెద్ద పెద్ద గట్లు లేచి, నీళ్ళు నిండి, మోటార్లు గుడగుడలాడుతుంటే ఊరంతా తిరునాళ్ళకు పోయినట్టు పోయి చూసి వచ్చింది. నాకు మామయ్యంటే ప్రాణం. ఆయనకు మోటారు సైకిల్ ఉండేది. దాని ట్యాంకు మీద కూర్చుని పోతుంటే జిల్లాకంతా నేనే కలెక్టరునన్నట్టు ఉండేది.

గుంటల్లో మేత వేయడానికి, కాపలా కాయడానికి మామయ్య ఒక కుటుంబాన్ని తెప్పించాడు. భార్య, భర్త, ఒక కూతురు. ఎవరో ఏజెంటు వాళ్ళకు అడ్వాన్సు ఇచ్చి, లారీలో టార్పాలిన్ కింద కూర్చోబెట్టి, రెండు రాత్రులు ఎక్కడెక్కడో తిప్పి తెచ్చి దింపాడు. గట్టు మీదే తాటాకు గుడిసె వేసుకున్నారు. బియ్యం, ఉప్పు, చింతపండు అన్నీ మామయ్యే తీసుకెళ్ళి ఇచ్చేవాడు. కొట్టేవాడు కాదు, గట్టిగా తిట్టేవాడూ కాదు. ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టాడు. ముగ్గురూ ఒకేసారి గట్టు దాటకూడదు. భర్త సరుగుడు తోటలోకి కట్టెలకు పోతే తల్లీ కూతురూ గుడిసెలో ఉండాలి. తల్లి స్నానానికి ఏటి దగ్గరికి పోతే తండ్రీ కూతురూ ఉండాలి. తాడూ లేదు, తాళమూ లేదు. ఆ ఒక్క మాటతో మనుషుల్ని ఎనిమిది నెలలు కట్టిపడేయవచ్చని నాకు అప్పుడు అర్థం కాలేదు. మామయ్య తెలివికి మురిసిపోయాను కూడా.

బడి వదలగానే నేను గట్టు మీదికి పరుగెత్తేవాణ్ణి. ఆ పిల్ల అచ్చనగాయల్లో నన్ను ప్రతిరోజూ ఓడించేది. ఓడించి ఊరుకోదు, వెక్కిరించేది. ఒకరోజు రాళ్ళు ఎగరేస్తూ, ఇక్కడినుంచి మా కొండ ఎంత దూరం అని అడిగింది. వాళ్ళది ఉదయగిరి దగ్గర ఒక పల్లె అని నాకు తెలుసు. మామయ్య ముందే నేర్పి పెట్టాడు, ఎవరడిగినా ఇలా చెప్పమని. అప్పజెప్పేశాను.

"ఇది మద్రాసు దాటి శానా దూరం. మీ ఊరికి రైల్లో రెండు రోజులు."

ఆ పిల్ల రాయిని గాల్లోనే పట్టుకుని నన్ను అనుమానంగా చూసింది.

"మరి నీకు తెలుగెట్టా వచ్చు?"

"బళ్ళో నేర్పినారు."

"అందుకేనా, నీ మాట అట్టా వంకరగా ఉండాది!" అని పకపకా నవ్వింది. తర్వాత ఆ మాటను వాళ్ళమ్మానాన్నలకు చేరవేసింది. వాళ్ళిద్దరికీ చదువు లేదు. పుస్తకాల సంచీ తగిలించుకుని తిరిగే పిల్లవాడు దూరాల గురించి అబద్ధం చెబుతాడని వాళ్ళకెందుకు తోస్తుంది? ఆ సాయంత్రం మామయ్య నన్ను సముద్రం దాకా బండి మీద తిప్పాడు. అదే నాకు కూలి.

కొన్నాళ్ళకు, ఒక శనివారం, మామయ్య బండి మీద పోతూ పోతూ ఒక వార్త చెప్పాడు. నెల్లూరులో తనకు తెలిసినవాళ్ళ బంగళాలో పనికి పిల్ల కావాలట. సోమవారం ఈ పిల్లను అక్కడ దింపేస్తాడట. బంగళా అనగానే నాకు ఫ్యాన్లూ టీవీ కనిపించాయి. నిజంగానే సంతోషించి, ఆ వార్త నేనే ముందు చెప్పాలని పరుగెత్తాను. పొయ్యి దగ్గర గంజి వారుస్తున్న వాళ్ళమ్మ చిబ్బి మూత పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. "మళ్ళా ఎప్పుడు తీసకొస్తారబ్బయా?" అని అడిగింది. నాకు తెలియదు. మామయ్యను అడిగితే, "తీసకొచ్చేదేందిరా, అక్కడే ఉంటది" అన్నాడు నవ్వుతూ.

ఆ సంగతంతా అవ్వకు గొప్పగా చెప్పాను. ఆమె చేపలు కోస్తోంది. గుంటల వైపు మా ఊరి ఆడవాళ్ళు పోయేవాళ్ళు కారు. జీతానికి వచ్చిన మనుషులే కదా అని అవ్వ కూడా అనుకునేది. ముగ్గురూ ఒకేసారి గట్టు దాటకూడదన్న సంగతి నా నోటనే విన్నది. ఆమె కత్తిపీట ఆగింది. నవ్వుతుందనుకుని మద్రాసు మాట కూడా చెప్పాను. నవ్వలేదు.

ఆదివారం పొద్దున్నే కొడుకును కూర్చోబెట్టి అడిగింది. వాళ్ళను ఊరికి పంపేయమంది. మామయ్య చద్దన్నం తింటూ, "నీకు గుంటల పని తెలీదుమా, నువ్వు చేపలమ్ముకో" అన్నాడు. అవ్వ ఆయన కంచంలో ఇంకో చేపముక్క వేసి, ఒడ్డుకు వెళ్ళిపోయింది. అవ్వ మాట్లాడకుండా వెళ్ళిపోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. వెనకే పరుగెత్తాను.

ఒడ్డున అలివి వల వేశారు. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకెళ్ళి, అర్ధచంద్రంలా చుట్టి వస్తే, దాని రెండు కొసల తాళ్ళను ఒడ్డు మీద జనం పట్టి లాగుతారు. మా పాలెంలో దానికొక పద్ధతుంది. తాడు పట్టిన ప్రతి చేతికీ పాలు ఉంటుంది, అంటే చేపల్లో వాటా. ముసలి, పిల్ల, దారిన పోయే పరాయివాడు, ఎవరైనా సరే. ఇంకో పద్ధతి, వల బరువుగా వస్తుంటే తెడ్డుకు గుడ్డ కట్టి ఎత్తుతారు. ఆ గుడ్డ కనిపించినవాళ్ళు ఏ పనిలో ఉన్నా వచ్చి తాడు పట్టాలి.

వల ఇంకా సగం దూరంలో ఉండగానే అవ్వ, దండెం మీద ఆరుతున్న తన చిలకపచ్చ చీరను లాగి తెడ్డుకు కట్టి పైకెత్తింది. తాళ్ళ దగ్గర మగవాళ్ళు బిత్తరపోయారు.

"అవ్వా, తాడు దూదిలాగా వస్తాంది. బరువని నీకెవురు చెప్పినారు?"

"నేను పుట్టినప్పటి నుంచి చూస్తాండా ఈ సముద్రాన్ని. నువ్వు తాడు లాగు, నోరు లాగబాకు."

చీర చూసి పాలెం అంతా దిగింది. దిబ్బ మీద బండి ఆపి మామయ్యా వచ్చాడు. ఎంత గుంటల యజమాని అయినా తాడు మీద పెరిగినవాడే. చొక్కా విప్పి తాడు పట్టబోతుంటే అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని అందరికీ వినిపించేలా మొదలుపెట్టింది.

"ఒక్కడివే వచ్చినావా? గట్టు మీద మూడు జతల చేతులు ఊరికే ఉండాయి గదరా. నాలుగు పాళ్ళు వచ్చే కాడ ఒక్కటి పట్టుకుని పోతావా? ఏం వ్యాపారస్తుడివిరా నువ్వు! నిన్ను నమ్మి రొయ్యలు ఎట్టా పెరుగుతుండాయో!"

జనం గొల్లుమన్నారు. మామయ్య ఒక్క క్షణం వలవైపు, ఒక్క క్షణం చీరవైపు చూశాడు. లోపల లెక్క వేసుకుంటున్నాడని ముఖమే చెప్పింది. చొక్కా భుజాన వేసుకుని బండి ఎక్కాడు. కాసేపటికి ఆ ముగ్గురినీ తనే వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనిమిది నెలల్లో వాళ్ళు ముగ్గురూ గట్టుకు ఇవతల కలిసి నిలబడగా చూడటం నాకు అదే మొదలు.

ఆ పిల్ల నా పక్కనే తాడు పట్టింది. సముద్రం చప్పుడు వినడమే గాని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. మొదటి అలకే వెల్లకిలా పడి, ఉప్పునీళ్ళు మింగి, లేచి, నవ్వు ఆపుకోలేక మళ్ళీ పడింది. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏమ్మే, కొండోళ్ళు లాగితే సముద్రం కొండెక్కుద్దేమో చూసుకోండే!" అని ఒకరు, "మా మగోళ్ళకన్నా మీ ఆయనే నయం, మడమ దిగేసినాడు చూడు!" అని ఒకరు. నిజమే, ఆ తండ్రి మడమలు తన్నిపెట్టి, మోకాటి దాకా ఇసుకలో దిగి లాగుతుంటే మా వాళ్ళు రోషానికి పోయి ఇంకా గట్టిగా లాగారు. ఆ అరుపుల్లో నేనెందుకు అంత ఆనందంగా ఉన్నానో నాకే తెలియదు.

వల ఒడ్డుకు వచ్చింది. నాచు, జెల్లిచేపలు, ఎవరిదో తెగిన చెప్పు, అడుగున కాసిని వేలెడంత నెత్తళ్ళ చేపలు, కొన్ని పీతలు. అంతే. ఊరంతా అవ్వ మీద పడింది.

"అవ్వా, నీ బరువు ఇదేనా?"

"నన్నేం చెయ్యమంటారు? నా కొడుకే నా మాట వినడు, సముద్రం వింటదా?" అంది అవ్వ చీర దులుపుకుంటూ.

మా ఊరి కాపు, అంటే పాలెం పెద్ద, ఇసుక మీద కుప్పలు పెట్టాడు. ఒక్కొక్కరికి పిడికెడు నెత్తళ్ళు, ఒక పీత. మామయ్య గంప తెచ్చి, నాలుగు కుప్పలూ ఎత్తుకోవడానికి వంగాడు.

"ఆగరా," అంది అవ్వ. "ఎవురి పాలు వాళ్ళు ఎత్తుకోవాల."

"నా మనుషులు గదమా."

"తాడు పట్టింది నువ్వా, వాళ్ళా?"

కాపు తల ఊపాడు. ఇతరుల పాలు ముట్టుకోకూడదన్నది ఒక కట్టుబాటు. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. తాడు పట్టినవాడి పాలు వాడి సొంత పొయ్యికి చేరేదాకా దానికి ఎవరూ అడ్డం నిలబడకూడదు. నిలబడితే దురాయి వేస్తారు. అంటే ఊళ్ళో ఎవరూ ఆ ఇంటితో మాట్లాడరు, వాళ్ళ సరుకు కొనరు, వాళ్ళకు చేయందించరు. అవ్వా కాపూ ముందే మాట్లాడుకున్నారో, కళ్ళతోనే మాట్లాడుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. కాపు ఆ తండ్రివైపు తిరిగి మామూలు గొంతుతో అడిగాడు.

"నీ పొయ్యి యాడుండాదబ్బా?"

ఆ మనిషి మామయ్యను చూశాడు. దూరంగా గట్టు మీద గుడిసెను చూశాడు. అక్కడే అంటే అంతటితో అయిపోయేది. మరునాడు పొద్దున పిల్ల నెల్లూరు పోయేది, ఆ పిల్లను వదిలి వాళ్ళిద్దరూ ఇక ఎక్కడికీ కదలలేకపోయేవాళ్ళు. ఆయన కూతురివైపు తిరిగాడు. జనం నవ్వులు ఆగిపోయాయి.

పిల్ల ముందుకొచ్చింది. తల మీంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. "మా పొయ్యి ఉదయగిరి కాడ, కొండ కింద," అంది. "రైల్లో రెండు రోజులంట గదా? ఈడే చెప్పినాడు" అని నన్ను చూపించింది.

"ఉదయగిరా?" అన్నాడు కాపు. "కావలిలో బస్సు మారితే మజ్జానానికి ఇంటికాడ ఉంటారు గదమ్మా!"

ఆ తండ్రి ఉన్నచోటనే ఇసుకలో కూలబడ్డాడు. ఎనిమిది నెలలుగా రెండు బస్సుల దూరంలో ఉన్నామని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. ఊరంతా నావైపు తిరిగింది. నేను మామయ్యవైపు తిరిగాను. నేర్పింది ఆయనే కదా, ఒక్క మాట అంటాడని చూశాను. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు తెలిసింది, నోట్లోంచి వచ్చాక ఆ అబద్ధం నాదేనని.

మామయ్య అడ్వాన్సు సంగతి గొణిగాడు. కాపు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అడిగేదుంటే వాళ్ళూరికి పోయి, అరుగు మీద కూర్చోని అడుగు. నీకు మోటారు సైకిలుండాది గదా. మనుషుల్ని తాకట్టు పెట్టుకునే యాపారం మన తాతలు చెయ్యలేదురా." ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకి మళ్ళీ ఒడ్డంతా నిండింది. మామయ్య ఖాళీ గంప పట్టుకుని నిలబడ్డాడు.

మా ఆడవాళ్ళు ఆ మూడు పాళ్ళకూ ఉప్పు పట్టించి తాటాకు బుట్టలో సర్దారు. ఇద్దరు మగవాళ్ళు వెళ్ళి గుడిసెలోని గిన్నెలూ బట్టలూ మూటగట్టి తెచ్చారు. చార్జీలు అవ్వ కొంగుముడిలోంచి వచ్చాయి. నన్ను కొడుతుందని వీపు బిగించుకుని నిలబడ్డాను. కొట్టలేదు. మూట తీసి నా నెత్తిన పెట్టింది.

"నువ్వు చెప్పిన దోవ నువ్వే సరిచెయ్యి. అల్లూరు దాకా పో."

ఊరి మనిషి ఒకాయన తోడుగా, ఆ ముగ్గురితో అల్లూరు దాకా నడిచాను. ప్రతి మలుపు దగ్గరా ఆగి చెప్పాను, ఇది సరుగుడు తోట, ఇది కాలువ, అటు పోతే సముద్రం, ఇటు పోతే అల్లూరు, అక్కడ ఎక్కితే కావలి, కావలిలో ఉదయగిరి బస్సు. ఆ పిల్ల ప్రతిదానికీ నా చేత రెండోసారి చెప్పించింది. "ఒట్టేనా, మద్రాసోడా? మీ బళ్ళో ఇట్టనే నేర్పినారా?" అని దారి పొడుగునా దెప్పింది. వరికయ్యల మధ్య వాళ్ళమ్మానాన్నా గబగబా నడుస్తున్నారు, ముగ్గురూ ఒకే వరుసలో. నా మెడ నొప్పి పుట్టింది. ఆ మూట ఇంకా బరువుంటే బాగుండుననిపించింది. బస్సు కదిలేముందు, వాళ్ళమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరింది. నేను దానికి తగినవాణ్ణి కాదు.

ఇంటికి వచ్చాక అవ్వ ఒక్కటే అడిగింది, దోవ సరిగ్గా చెప్పావా అని. చెప్పానన్నాను. "ఇంక ఎవురడిగినా అట్టనే చెప్పు," అంది. అంతకుమించి ఆమె నాకేమీ బోధించలేదు. మామయ్య పది రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆమె పులుసు మాత్రం ఒక్క పూటా మానలేదు. మూడు నెలలకు, కావలి నుంచి వచ్చిన బస్సులో ఒక గంపెడు సీతాఫలాలు అవ్వ పేరుతో దిగాయి. ఊరంతా పంచింది. ఎక్కువ తిన్నది మామయ్యే. ఆ తర్వాత గుంటల్లో పనికి మా పాలెం వాళ్ళే వెళ్ళారు, సాయంత్రానికి ఇళ్ళకు వచ్చేవాళ్ళు.

ఇంత జరిగిన తర్వాత నేను మళ్ళీ తప్పు చేయలేదని రాయగలిగితే బాగుండేది. పెద్దయ్యాక ఒక ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. పక్కనే రొయ్యలు ఒలిచే షెడ్డు ఉండేది. దూరపు రాష్ట్రం నుంచి తెచ్చిన ఆడపిల్లలు అందులో పనిచేసేవాళ్ళు. పని అయ్యాక షెడ్డుకు బయటినుంచి తాళం పడేది. షెడ్డు యజమానులు మా దగ్గర ఐసు కొనేవాళ్ళు. నేను ఆ తాళాన్ని ఆరు నెలలు చూశాను. భాష రాదనుకున్నాను, నా ఉద్యోగం అనుకున్నాను, ఆ పిల్లలకు అన్నం పెడుతున్నారు కదా అనుకున్నాను. నన్నెవరూ దోవ అడగలేదు కదా అని కూడా అనుకున్నాను. తాళం వెనక ఉన్నవాళ్ళు ఎలా అడుగుతారు? చివరికి ఒక పొద్దున తాసిల్దారు ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. అధికారులు వచ్చి తలుపు తీయించారు. ఆ ఆరు నెలలు నా ఖాతాలోవే. వాటికి నేను వేరే పేరు పెట్టుకోను.

తలుపు తీసిన రోజు ఆ పిల్లలు ఎండలో కళ్ళు చికిలిస్తూ ఆవరణలో నిలబడ్డారు. నాకు వాళ్ళ భాష రాదు. ఒక పుల్ల తీసుకుని దుమ్ములో గీత గీశాను. ఇదిగో ఈ షెడ్డు, ఇది రోడ్డు, ఇది కావలి, ఇది రైలు స్టేషన్. రైలులా కూత కూసి మరీ చూపించాను. వాళ్ళు నవ్వారు. నా గీత స్టేషన్ దగ్గర ఆగిపోయింది. ఒక పిల్ల వచ్చి నా చేతిలోంచి పుల్ల తీసుకుంది. నేను ఆపిన చోటునుంచి ఆమె మొదలుపెట్టింది. వంగి వంగి గీస్తూ, ఒక నది దాటించి, ఇంకో నది దాటించి, ఆవరణంతా నడిచి, గోడ అడ్డం వచ్చేదాకా గీసింది. గోడకు వీపు ఆనించి, పుల్లతో నేలను గుచ్చి, తన ఊరి పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారికి సరిగ్గా పలికితే చప్పట్లు కొట్టింది.